వినుటకొక తాత

న్యూజెర్సీలోని యూదుల శిశువిద్యాలయము మొదలుకొని మలక్‌పేటలోని అంగన్‌వాడి వరకు: పసివారి తరగతిలో పెద్దవారి పీటను గూర్చి

మలక్‌పేట గంజులో ఉల్లిగడ్డల లారీలు దిగుమతి యగుచు, హమాలీల కేకలును, వంతెన మీద పోవు మెట్రో రైలు రొదయు ఉదయపు గాలిని నింపుచుండగా, ఆ సందడికి నాలుగు సందుల యీవల, ఒక్క గది గల అంగన్‌వాడి కేంద్రములో, నాలుగేండ్ల బాలిక యొకతె పలక మీద ‘అ’ అను అక్షరమును వ్రాసి, దానిని నా ముఖమునకు జానెడు దూరమున నిలిపి, “తాతా, నేను చెప్తా, నువ్వు ఇను” అనెను. నేను వింటిని. ఆమె తండ్రి గంజులో మూటలు మోయును. తల్లి నాలుగిండ్లలో పాచిపని చేయును. టీచరమ్మ ఆ వేళ మరియొక బిడ్డను తూకపు యంత్రముపై నిలిపి బరువు వ్రాసికొనుచుండెను. ఆ అక్షరమును తీరికగా చూచుటకును, ఆ పలుకును కడవరకు వినుటకును ఆ పిల్లకు దొరకినవాడను నేనొక్కడనే.

నాకిప్పుడు డెబ్బదినాలుగేండ్లు. టీచరమ్మయు, ఆమె పై అధికారిణియు అనుమతింపగా, వారమునకు మూడు ఉదయములు ఆ గదిలో గోడవారగా వేసిన పీట మీద కూర్చుందును. జీతము లేదు, పదవి లేదు, పాఠము చెప్పు భారము లేదు. పిల్లలు చెప్పినది వినుటయే నా పని. ఈ పనికింత విలువ కలదని నాకు తెలిసినది పుట్టిన పేటలో కాదు; సముద్రముల కావల, నా మతము కాని మతమువారి బడిలో.

శుక్రవారపు అతిథి

నా కుమార్తె కాపురము అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రమున. 2019వ సంవత్సరమున శరత్కాలమునందు నేనచ్చటికి పోయినప్పుడు, ఆమె బిడ్డ ఇంటికి సమీపమున యూదుల ప్రార్థనామందిరమునకు అనుబంధమైన శిశువిద్యాలయమున చదువుకొనుచుండెను. ఇతర మతములవారి బిడ్డలను గూడ అచ్చట చేర్చుకొందురు. యూదుల విశ్రాంతిదినమగు షబ్బాతు శుక్రవారము సూర్యాస్తమయముతో మొదలగును. ఆ పండుగను పిల్లలు శుక్రవారము పగటివేళనే తరగతిలో జరుపుకొని, దానికి తాతలను, అమ్మమ్మలను, నాయనమ్మలను పిలిచి తమ నడుమ కూర్చుండబెట్టుకొందురు. “నాన్నా, నీ పేరు ఇచ్చి వచ్చాను. ఏమీ చెయ్యక్కర్లేదట, కూర్చుంటే చాలట” అని నా కూతురు చెప్పెను. అట్లు అక్టోబరు, నవంబరు మాసములలో నాలుగు శుక్రవారములు నేనా తరగతిలో గడపితిని.

వాకిట సాయుధుడైన కావలివాడు గుర్తింపు పత్రమును చూచిన గాని లోనికి విడువలేదు. అంతకు ఏడాదికి ముందు, 2018 అక్టోబరు 27వ తేదీన, పిట్స్‌బర్గు నగరమున షబ్బాతు ప్రార్థనలో నున్న 11 మందిని ఒక ద్వేషోన్మత్తుడు కాల్చి చంపెను. అక్షరములు దిద్దు పసివారి గుమ్మమున తుపాకి కాపలా యుంచుకొనవలసి వచ్చిన జాతి ఎంతటి దుఃఖమును మోయుచున్నదో, ఆ దుఃఖము జాడ బిడ్డల ముఖములపై పడకుండ పెద్దలెంత జాగ్రత్త వహించుచున్నారో, గడప దాటునంతలోనే నాకు తెలిసెను.

లోపల పిండి వాసన. ఒక్కొక్క బిడ్డ ముందర ఒక్కొక్క పిండిముద్ద. దానిని మూడు పాయలుగా సాగదీసి, మన యాడపిల్లలకు జడ వేసినట్లే ఒకదానిపై నొకటి మడచుచు అల్లుదురు. కాలిన పిదప అదియే షబ్బాతు రొట్టె, దాని పేరు హల్లా. తరగతి నడుమ ఒక డబ్బా కలదు; దీపములు వెలిగించుటకు ముందు ప్రతి బిడ్డయు అందులో ఒక నాణెము వేయును. దానిని త్సెదాకా అందురు. దానమా యని అడిగితిని. న్యాయమను నర్థము గల ‘త్సెదెక్’ అను మాట నుండి పుట్టిన పదమనియు, ఇచ్చుట దయ కాదు, చేయవలసిన న్యాయమనియు వారి యుపాధ్యాయిని చెప్పెను. ఆమెను పిల్లలు ‘మోరా’ అని పిలుతురు. మన వాకిట నిలిచిన యాచకుడు దయను గాని, దానమును గాని యడుగడు; “ధర్మం చెయ్యండి” అనును. ఆ మాటను డెబ్బది యేండ్లుగా వినుచునే యుంటిని; దాని యర్థము మాత్రము ఆనాడు, ఆ నాణెముల చప్పుడులో, తెలిసికొంటిని.

చిన్న కుర్చీలో మోకాళ్లు గడ్డమునకు తగులుచుండగా కూర్చుండియుంటిని. ఒక బాలుడు వచ్చి, “నువ్వు ఎవరి సబావి?” అని అడిగెను. హీబ్రూలో సబా యనగా తాత. మోరా నవ్వి, “ఈ రోజు అందరికీ సబానే” అని చెప్పెను. ఆ బాలుని తాత దూరదేశమున నుండెనట. అతడు వెంటనే పోయి అక్షరముల అట్టలు తెచ్చి, నా మోకాలిపై పరచి, కుడినుండి యెడమకు వ్రేలు జరుపుచు చదువసాగెను: ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్.

నా యొడలు జలదరించెను. మలక్‌పేటలో నా యాఱవయేట, మా పొరుగింటి వేపచెట్టు క్రింద నులకమంచముపై కూర్చుండు వృద్ధుడొకడు, నేను దాదా యని పిలుచువాడు, తన మనుమనితోపాటు నన్నును కూర్చుండబెట్టుకొని పలకపై ఉర్దూ దిద్దించెను. అలిఫ్, బే... జీమ్... దాల్. అరబ్బీ లిపియు హీబ్రూ లిపియు ఒకే తల్లి బిడ్డలు. రెండును కుడినుండి యెడమకే నడచును. దాదా నాకు అక్షరము చూపి ఊరకుండువాడు కాడు. నేను తిరిగి చెప్పునంతవరకు కన్నులు మూసికొని, తల యూపుచు వినెడివాడు. ఆ తల యూపు నా కంటికి కట్టినట్లయి, నాకు తెలియకయే నా తలయు ఊగసాగెను.

నాకు హీబ్రూ రాదు. ఆ పిల్లవాని ఆంగ్లము నాకు సగమే బోధపడును. నేను చేసినదెల్ల వినుటయే. మొదటి శుక్రవారము నాలుగక్షరములు చెప్పి పారిపోయిన బాలుడు నాలుగవ శుక్రవారము 22 అక్షరములను ఆగకుండ చెప్పెను. చెప్పి, “ఇప్పుడు నీవి చెప్పు” అనెను. నేను ‘అ’ మొదలుకొని ‘ఱ’ వరకు చెప్పితిని. అతడు చేతులు కట్టుకొని కడవరకు విని, “మీకు చాలా అక్షరాలున్నాయి” అనెను. వినబడినవాడు వినుటను నేర్చును. ఆ బడి నాకిచ్చిన విద్య యిదియే.

స్నానశాలనుండి తిరిగివచ్చిన తాత

ఆ బడిలో తాతను పిలుచుట నేటి విద్యావేత్తలు కనిపెట్టిన పద్ధతి యనుకొంటిని. తరువాత చదివి తెలిసికొన్నది వేరు. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున పాలస్తీనాలో యెహోషువ బెన్ లేవి యను గొప్ప పండితుడుండెను. ప్రతి శుక్రవారమును తన మనుమడు ఆ వారపు ధర్మగ్రంథభాగమును చదువగా వినుట ఆయన నియమము. ఒకనాడు మరచి, శిష్యుని భుజముపై చేయి మోపుకొని తిబెరియ పట్టణపు స్నానశాలలోనికి పోయెను. అచ్చట జ్ఞప్తికి వచ్చెను: నేడు మనుమని చదువు వినలేదు. తక్షణమే వెనుదిరిగెను. అప్పటికే వస్త్రములు విడిచియుండెనని కూడ ఒకరు చెప్పినట్లు, యూదుల ధర్మచర్చల సంకలనమగు యెరూషలేము తాల్ముదులో కలదు. మొదలుపెట్టిన స్నానమును నిలుపనక్కరలేదని మీరే చెప్పితిరి కదా యని శిష్యుడడుగగా, మనుమని నోట ఆ భాగమును వినుట, దేవుడు ధర్మశాస్త్రమిచ్చిన సీనాయి పర్వతముపై సాక్షాత్తుగ వినుటతో సమానమని ఆయన బదులు చెప్పెను. అదే పండితుడు తలపై ఏదో యొక గుడ్డను చుట్టుకొని బిడ్డను ప్రార్థనామందిరమునకు తీసికొనిపోవు తొందరలో నుండిన కథ బాబిలోను తాల్ముదులో కలదు.

ఈ కథలో నన్ను పట్టి నిలిపినది ఒక్కటే. పాఠము ఎవరు చెప్పిరో కథ చెప్పదు. తాత పని వినుట. పెద్దవాని నోటినుండి పిల్లవాని చెవికి దిగిన విద్య, మరల పిల్లవాని నోటినుండి పెద్దవాని చెవికి ఎక్కినప్పుడే దాని యాత్ర పూర్తి యగునని ఆ వృద్ధుడెరుగును.

ఆ జాతి చిన్నపిల్లల బడిని గూర్చి లెక్కలతో సహా ఆలోచించినది. క్రీస్తుశకము 70లో యెరూషలేము దేవాలయము నాశనమగుటకు కొలది యేండ్లు ముందు, యెహోషువ బెన్ గమ్లా యను ప్రధానయాజకుడు ఊరూర ఉపాధ్యాయులను నియమించి, ఆరేడేండ్ల బాలురను బడికి పంపు కట్టడి చేసెనని తాల్ముదు చెప్పును. ఒక యుపాధ్యాయునికి 25 మంది శిశువులు. 40 మంది యైనచో ఊరివారి ఖర్చుతో సహాయకుడు. 50 మంది యైనచో ఇద్దరు గురువులు. వేయిన్నర యేండ్లకు మించిన యీ లెక్కను నేడు మన కేంద్రముల గోడలపై వ్రాసికొన్నను తప్పు లేదు.

తేనె పలక, బియ్యపు పళ్లెము

పండ్రెండు, పదుమూడవ శతాబ్దములలో జర్మనీ దేశపు రైను నదీతీరమున యూదులు బాలునికి అక్షరారంభము చేయు విధము మనకు మిక్కిలి పరిచితముగా తోచును. అయిదారేండ్ల బాలుని ప్రార్థనావస్త్రమున చుట్టి గురువు చెంతకు ఎత్తుకొని పోవుదురు. గురువు పలకపై నున్న అక్షరములను మొదటినుండి చివరకును, చివరనుండి మొదటికిని చదివించి, వాటిపై తేనె పూయును. బాలుడు నాలుకతో నాకును. ధర్మవాక్యములు వ్రాసిన తీపి రొట్టెలును, ఉడికించిన గ్రుడ్లును పెట్టుదురు. చదువు చేదు కాదని బిడ్డ నాలుకకే మొదట తెలియవలెనని వారి భావము.

మనము బాసరలో గోదావరి యొడ్డున, సరస్వతి సన్నిధిని, పళ్లెములో బియ్యము పోసి బిడ్డ వ్రేలు పట్టి దిద్దింతుము. మలక్‌పేటలో మా పొరుగువారు బిడ్డకు నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు దినములు నిండగానే ‘బిస్మిల్లా’ చేయుదురు. ఆనాడు క్రొత్తబట్టలు కట్టిన బిడ్డ పెద్దల నడుమ కూర్చుండి మొదటి దైవవాక్యమును పలుకును. తేనె, బియ్యము, దైవనామము: మూడు మతముల మూడు వేడుకలు, మూటియందును బిడ్డ ఒంటరిగా లేదు. పెద్దవారెవరో ఆ తొలి పలుకును వినుచుందురు. వేడుకనాడు అందరును విందుము. మరునాటి నుండి వినువాడెవడు?

యాకూబు మనుమలు

మా పేటకు మలక్‌పేట యను పేరు గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా సేవకుడగు మలిక్ యాకూబు వలన కలిగినదందురు. ఆ యబ్దుల్లా కాలముననే, 1647లో, సర్మద్ అను కవియోగి హైదరాబాదులో నుండెను. పుట్టుకచే యూదుడు, హీబ్రూ ధర్మగ్రంథములను చదివినవాడు, పిదప ఇస్లామును స్వీకరించినవాడు. లోకమతములనన్నిటిని వర్ణించు ‘దబిస్తానె మజాహిబ్’ అను పారసీక గ్రంథమునకు యూదమత విషయము లభించినది ఆయన వలననే. ఆయన శిష్యుడు అభయచందు యూదుల ధర్మగ్రంథమగు తోరా ప్రారంభభాగమునకు చేసిన పారసీకానువాదము అందు చేరినది. 1661 ప్రాంతమున ఔరంగజేబు ఏలుబడిలో సర్మద్ శిరచ్ఛేదమునకు గురియయ్యెను. ఆయన సమాధి ఢిల్లీ జామామసీదు చెంతనున్నది. యూదుడొకడు చెప్పగా హిందువొకడు విని, ముస్లిముల విద్యాభాషలోనికి మార్చిన చదువు మన మూసీ తీరమున ఆ గ్రంథకర్తకు అందినదని మలక్‌పేటవారు గర్వింపవచ్చును.

యాకూబు అను పేరే యూదుల మూలపురుషుని పేరు. కన్నులు మసకలు క్రమ్మిన ముదిమిలో ఆయన తన మనుమలిద్దరిని దగ్గరకు తీసికొని, చేతులు అడ్డముగా మార్చి, కుడిచేతిని చిన్నవాడగు ఎఫ్రాయీము తలపై నుంచి దీవించెనని బైబిలు చెప్పును. నేటికిని శుక్రవారము రాత్రి యూదుల యిండ్లలో మగబిడ్డలను ఆ యిద్దరు మనుమల పేర్లతోనే దీవింతురు.

ఆ మనుమని పేరు మన తెలుగునేలపై నిలిచియున్నది. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున తమను ‘బెనె ఎఫ్రాయీము’, అనగా ఎఫ్రాయీము సంతతి, యని చెప్పుకొను తెలుగు కుటుంబములు కలవు. వారు మాదిగ సమాజమునుండి వచ్చినవారు. క్రైస్తవులుగా కొన్ని తరములు గడపి, షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి సోదరుల నాయకత్వమున గత శతాబ్దపు చివరి దశకములలో యూదధర్మమును బహిరంగముగా ఆచరింప మొదలిడిరి. 1990 దశకపు ప్రారంభమునుండి వారికొక ప్రార్థనామందిరము కలదు. వారిని గూర్చి యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు 2013లో గ్రంథము ప్రకటించిరి. ఆ పల్లెలో ‘షబ్బాత్ షాలోమ్’ అను పలకరింపును, హీబ్రూ అక్షరములును పిల్లలు నేర్చుచున్నారు. పెద్దవారిలో పలువురును ఆ యక్షరములను పెద్దయైన పిదపనే నేర్చినవారు. తాతయు మనుమడును ఒకే పలకను దిద్దుట యెంత యపురూపమైన దృశ్యము! వెలివాడ కట్టుబాట్లలో అక్షరమునకు దూరముగ నుంచబడినవారి బిడ్డలకు, చదువుటే ధర్మమని చెప్పు మతము ఎంత దగ్గరగా తోచియుండునో ఊహింపుడు.

తోటయు ముంగిలియు

జర్మను విద్యావేత్త ఫ్రోబెలు 1837లో శిశువిద్యాలయమును స్థాపించి, 1840లో దానికి ‘కిండర్‌గార్టెన్’, పిల్లల తోట, అని పేరిడెను. ఆ పేరునే హీబ్రూలో ‘గన్ యెలదీమ్’ అనిరి. అచ్చటి యుపాధ్యాయినికి ‘గనెనెత్’, అనగా తోటమాలి, అని పేరు. 1898లో పాలస్తీనాలోని రిషోన్ లెత్సియోన్‌లో మొదటి హీబ్రూ శిశువిద్యాలయము తెరచిరి. ప్రార్థనలకును, పాండిత్యమునకును పరిమితమైయుండిన భాష మరల ఆటల భాష యగుటకు అట్టి బడులే దోహదము చేసినవి.

మనదేశమున 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ప్రారంభమై, అంగన్‌వాడి యను పేరు వాడవాడకు చేరెను. అంగనమనగా ముంగిలి. తోటకు తోటమాలి చాలును; ముంగిలికి తాత కావలెను. మన యిండ్ల ముంగిళ్లలో అరుగు మీద కూర్చుండి, దారిన పోవు ప్రతి బిడ్డను “ఎవరి అబ్బాయివిరా?” అని యడిగి, వాడు చెప్పిన కోతలన్నియు వినెడి ముసలివాడొకడు తప్పక యుండెను. అపార్టుమెంట్లు వచ్చి అరుగులు పోయినవి. ముంగిలి అంగన్‌వాడి రూపమున నిలిచినది. అరుగు మీది తాత మాత్రము అందులోనికి చేరలేదు.

ఉన్నవారికి తీరిక యెక్కడిది? టీచరమ్మ పిల్లల బరువు తూచవలెను, ఎత్తు కొలువవలెను, ఆ వివరములను ఫోనులోని పోషణ్ ట్రాకరులో ఎక్కింపవలెను, గర్భిణులకును బాలింతలకును ఆరోగ్యలక్ష్మి భోజనము అందునట్లు చూడవలెను, ఇంటింటికి పోయి లెక్కలు తీయవలెను. ఆయా వంటపనిలో నుండును. ఒక్కొక్క బిడ్డ చెప్పు మాటను తుదివరకు వినుట టీచరమ్మ యిచ్చలో నున్నను ఆమె గడియారములో లేదు.

పిల్లలకై తీరిక చేసికొన్న పెద్దలు లేకపోలేదు. భావనగరమున 1920లో బాలమందిరమును నడప మొదలిడిన గిజుభాయి వకీలు వృత్తిని విడిచి వచ్చినవాడు. ఆయనను గుజరాతీలు ‘మీసాల అమ్మ’ అని పిలిచిరి. మన న్యాయపతి రాఘవరావుగారు రేడియో అన్నయ్యయై పిల్లల గొంతులను వినిపించినట్లే, వార్సా నగరమున యానుష్ కోర్చాక్ అను యూదు వైద్యుడు ‘ముసలి డాక్టరు’ అను పేరుతో పోలెండు రేడియోలో మాటలాడెను. ఆయన నడపిన అనాథాశ్రమపు బాలలు నాజీల నిర్బంధములో, 1942 జులై 18వ తేదీన, రవీంద్రుని ‘డాక్‌ఘర్’ నాటకమును ప్రదర్శించిరి. ఆ నాటకమున మంచము పట్టిన పసివాడగు అమలుని చెంత కూర్చుండి మాట కలుపు తాత యొకడు కలడు. కొలది వారములకే, ఆగస్టు తొలిదినములలో, దాదాపు 200 మంది పిల్లలను త్రెబ్లింకా మృత్యుశిబిరమునకు తరలించిరి. తప్పించుకొను దారి చూపినవారున్నను, ఆ వృద్ధుడు పిల్లలను విడువక వారితోనే పోయెను. అతని వంటి త్యాగము మనల నెవరును కోరుటలేదు. మన వీథి బిడ్డలు కోరునది వారమునకు రెండు ఉదయములే.

మలక్‌పేట పెద్దలకు విన్నపము

2011 జనాభా లెక్కల నాటికే మన దేశమున అరువదియేండ్లు దాటినవారు 10 కోట్లకు పైగా నుండిరి. మా పేటలోనే ఉద్యోగవిరమణ చేసిన గుమాస్తాలు, పంతుళ్లు, నర్సులు, గంజులో దడవాయి పని చాలించినవారు ఎందరో కలరు. పిల్లలు విదేశములలో నుండగా, మనుమల ముఖములను ఫోను అద్దములో చూచి నిట్టూర్చు అమ్మమ్మలు ఎందరో. మీ మనుమని మాట వినుటకు ఏ దేశమునందో ఏ మతస్థుడో ఒక పెద్దవాడు చిన్న కుర్చీలో కూర్చుండి యుండవచ్చును. ఆ ఋణమును మీ వీథిలోని బిడ్డకు చెల్లింపుడు.

పద్ధతి మాత్రము తప్పరాదు. టీచరమ్మను, పై అధికారులను అడిగి, వారు తెలిసికొనగోరిన వివరములిచ్చి పోవలెను. ఆమె యెదుటనే కూర్చుండవలెను. ఏ బిడ్డతోను ఒంటరిగా నుండరాదు. మిఠాయిలు పంచరాదు, ఫోటోలు తీయరాదు, ఆమె పాఠమునకు అడ్డురాదు. పిల్ల ‘అ’ను తలక్రిందుగా వ్రాసినను వెంటనే దిద్దవద్దు, ముందు వినుడు. దాదా వలె కన్నులు మూసికొని తల యూపిన చాలును.

పలక చూపిన ఆ పిల్ల ఇప్పుడు ‘ఔ’ వరకు వచ్చినది. ప్రక్కనే కూర్చుండు స్నేహితురాలు ఇంటివద్ద అలిఫ్, బే నేర్చుకొని వచ్చి ఆమెకు చెప్పుచున్నది. ఇద్దరును ఒకేమారు చెప్పుచుండగా వినుటకు నాకు రెండు చెవులు చాలుటలేదు. ఆ గదిలో మరియొక పీటకు చోటున్నది. నేడు ఆదివారము. రేపు ఉదయము అంగన్‌వాడి తలుపులు తెరతురు. రండు.